ఆకాశమున అలకనంద



బదరీనారాయణుని సన్నిధిని పారు అలకనందను సేవించి వచ్చిన పుణ్యాత్ములు మీలో పెక్కురు కలరు. రుద్రప్రయాగ వద్ద మందాకిని వచ్చి ఆ నదిలో కలియును. హిందీవారు మన పాలపుంతను మందాకిని యందురు. అందుచేత పుణెలోని జాతీయ రేడియో ఖభౌతిక కేంద్రమునకు చెందిన రాశి జైన్, యోగేశ్ వాడదేకర్ అను శాస్త్రజ్ఞులు, 2025లో తాము ప్రకటించిన సుదూర గెలాక్సీకి అలకనంద యని నామకరణము గావించిరి. అది పాలపుంతకు తోబుట్టువని వారి భావము. పేరు చక్కనిది. పేరును మించిన విశేషము ఆ గెలాక్సీ కాలములో ఉన్నది.

కాంతి సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోవును. అయినను అలకనంద కాంతి మనలను చేరుటకు 1,200 కోట్లకు పైగా సంవత్సరములు పట్టినది. విశ్వము వయస్సు 1,380 కోట్ల సంవత్సరములు. కావున మనము చూచుచున్నది విశ్వమునకు 150 కోట్ల ఏండ్ల ప్రాయము నాటి రూపము. నూరేండ్ల వృద్ధునకు పదకొండవ యేట తీసిన ఛాయాచిత్రము వంటిది.

ఇందు వింత యేమనగా, ఆ పసితనముననే దానికి తీర్చిదిద్దినట్లు రెండు సర్పిల బాహువులున్నవి. ఇది తెలియవలెనన్న గెలాక్సీ చక్రము ఎట్లేర్పడునో ముందు తెలియవలెను.

ఆదియందు హైడ్రోజన్, హీలియం వాయువులు, వానితోబాటు కంటికి గోచరింపని కృష్ణపదార్థము వ్యాపించి యుండెను. (ఈ పేరునకు శ్రీకృష్ణునితో సంబంధము లేదు.) రవంత సాంద్రత హెచ్చిన చోట్ల ఆ పదార్థము గురుత్వాకర్షణచే పోగుపడగా, వాయువు ఆ పోగులలోనికి జారెను. జారు వాయువునకు కొంత భ్రమణముండును. త్రాటికి రాయి కట్టి త్రిప్పుచు, త్రాటిని వ్రేలికి చుట్టుకొననిచ్చి చూడుడు. త్రాడు కురుచయైన కొలది రాయి త్వరత్వరగా తిరుగును. వాయువు గతియు నంతే. లోనికి ముడుచుకొనిన కొలది త్వరగా తిరుగును. ఆ తిరుగుడే దానిని కేంద్రములో పడనీయదు. పైనుండియు క్రిందినుండియు వచ్చు వాయువులు మాత్రము ఒకదానినొకటి ఢీకొని, వేడిని కాంతిరూపమున కోల్పోయి, నడుమ నిలిచిపోవును. అట్లు పళ్లెము వంటి చక్రమేర్పడును.

ఇక బాహువులు. 1845లో ఐర్లండు దేశమున రాస్ ప్రభువు తన పెద్ద దూరదర్శినితో మొట్టమొదట ఈ సర్పిలాకృతిని చూచెను. అవి నక్షత్రముల గట్టి వరుసలని తోచును గాని, అది పొసగదు. లోపలి నక్షత్రములు చుట్టును త్వరగా ముగించును, వెలుపలివి ఆలస్యముగా ముగించును. మన సూర్యుడు పుట్టిననాటినుండి సుమారు ఇరువది ప్రదక్షిణములు చేసియుండును. బాహువులు గట్టివైనచో ఇన్ని చుట్లలో గడియారపు స్ప్రింగు వలె బిగిసి రూపుమాసియుండెడివి. 1964లో సి. సి. లిన్, ఫ్రాంక్ షూ అనువారు చెప్పిన సమాధానము ప్రకారము బాహువు ఒక అల. గోపురద్వారము కడ జనము క్రిక్కిరిసి యుందురు. ఒక్కొక్కరే లోనికి పోవుచుందురు, వెనుకనుండి క్రొత్తవారు చేరుచుందురు. మనుష్యులు మారుదురు గాని గుంపు అక్కడనే ఉండును. దర్శనపు వరుసలో నిలిచినవారికి ఇంతకన్న విప్పి చెప్పనక్కరలేదు. ఆ ఇరుకులో ఒత్తిడి పడిన వాయువునుండి క్రొత్త నక్షత్రములు పుట్టును. వానిలో పెద్దవి నీలికాంతితో ప్రజ్వరిల్లి త్వరగా ఆరిపోవును. అందుచే బాహువు కాంతిమంతముగా కనబడును.

అల నిలువవలెనన్న చక్రము కుదురుగా నుండవలెను. తొలికాలమున ఆ కుదురు ఉండదని చిరకాలము తలంచిరి. హబుల్ దూరదర్శిని చిత్రములలో నాటి గెలాక్సీలు పెక్కు ముద్దలు ముద్దలుగా కానవచ్చెను. 2012లో 1,070 కోట్ల ఏండ్ల నాటి సర్పిల గెలాక్సీ బయటపడగా దానిని అపురూపమనిరి. 2021లో చిలీ దేశమందలి ఆల్మా రేడియో దూరదర్శినులు 1,240 కోట్ల ఏండ్ల నాటి మరియొకదానిలో సర్పిలాకృతిని చూపెను. ఆ యేటి డిసెంబరు 25న అంతరిక్షమునకు పంపిన జేమ్స్ వెబ్ దూరదర్శిని, తొలికాలపు చక్రములు అనుకొన్నదానికన్న ఎక్కువని తేల్చినది.

అలకనంద వెబ్ చిత్రములలో దొరకినదే. దాని వ్యాసము సుమారు 30,000 కాంతిసంవత్సరములు. అందలి నక్షత్రముల ద్రవ్యము వేయి కోట్ల సూర్యులకు సమానము. ఏటా అరువది సూర్యులపాటి వాయువు నక్షత్రములుగా మారుచుండెను. మన పాలపుంతలో నేడు అందులో ఇరువదవ వంతైన మారుట అరుదు.

ఇది విన్నంతనే, “అంతయు మన వేదములో ముందే కలదు గదా” యనువారు కలరు. మేము ఆ మాట అనము. ఋగ్వేదము పదవ మండలమందలి నాసదీయ సూక్తము సృష్టి ఎట్లు కలిగెనని అడిగి, ఆ ప్రశ్నను ప్రశ్నగానే విడిచినది. దూరదర్శినిలో కనబడినదానిని మంత్రముపై ఆరోపించినచో, రేపు లెక్క మారిననాడు మంత్రమును కూడ మార్చుదుమా?

లెక్క మారవచ్చును కూడ. చల్లని వాయువు ధారలుగా వచ్చి చేరుటచే చక్రము త్వరగా కుదుటబడి అల పుట్టినదా, లేక చిన్న గెలాక్సీ యొకటి దాపుగా పోవుచు లాగుటచే బాహువులేర్పడినవా యనునది ఇంకను తేలలేదు. రెండవదైనచో అవి చిరకాలము నిలువవు. అందలి నక్షత్రములును వాయువును ఎంత క్రమముగా తిరుగుచున్నవో, ఎంత కలతపడుచున్నవో వెబ్‌తోను, ఆల్మాతోను కొలిచినచో ఇది తేలగలదు.