ప్రాగ్నోసిస్ అనగా జోస్యం కాదు

ఇటీవల ఒక గృహస్థు ఆసుపత్రి కాగితం పట్టుకొని నా వద్దకు వచ్చాడు. తండ్రిగారికి పక్షవాతం. కాగితం చివర 'ప్రాగ్నోసిస్: గార్డెడ్' అని వ్రాసి ఉన్నది. "ఇదేం జబ్బండీ, పక్షవాతానికి తోడు ఇదొకటా?" అని ఆయన ఆందోళన.

అది జబ్బు పేరు కాదు. గ్రీకు భాషలో 'ప్రో' అనగా ముందు, 'గ్నోసిస్' అనగా తెలిసికొనుట. రోగమేదో నిర్ణయించేది డయాగ్నోసిస్. ఆ రోగం ఇకమీదట ఏ దారి పట్టగలదో అంచనా కట్టేది ప్రాగ్నోసిస్. 'గుడ్' అంటే కోలుకొనే అవకాశం ఎక్కువ, 'పూర్' అంటే తక్కువ. 'గార్డెడ్' అంటే ఇప్పుడే నిశ్చయించి చెప్పజాలమని. చాలామంది దీనిని 'ఆశ లేదు' అని చదువుకొంటారు. అది పొరపాటు.

మన శాస్త్రంలో దీనినే సాధ్యాసాధ్య వివేచన అన్నారు. సుఖసాధ్యం, కృచ్ఛ్రసాధ్యం, యాప్యం, అసాధ్యం అని నాలుగు తెగలు. వీటిలో యాప్యాన్ని గృహస్థులు తప్పక తెలిసికోవాలి. రోగం పూర్తిగా పోదు. పథ్యం, ఔషధం ఉన్నంతకాలం అణగి ఉంటుంది. కూలబోయే ఇంటిని ఊతస్తంభం నిలిపినట్లని సుశ్రుతుని ఉపమానం. ఊత తీసివేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? నేటి మధుమేహ రోగులలో అధికులది ఈ స్థితియే. "చక్కెర తగ్గింది గదా" అని మందు మానేవారు ఈ మాట మరువరాదు.

ఇక "ఎన్నాళ్ళు?" అనే ప్రశ్న. అమెరికా శాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్‌కు 1982లో అరుదైన క్యాన్సరు కనబడింది. ఆ రోగంలో మధ్యస్థ ఆయువు ఎనిమిది నెలలని గ్రంథాలలో చదివాడు. మధ్యస్థమంటే సగంమంది అంతకు మించి జీవించారనే గదా అని లెక్క విప్పి, 1985లో వ్యాసం వ్రాశాడు. 2002 దాకా జీవించాడు. అందరికీ అట్లే జరుగుతుందని కాదు. ఆ అంకె ఒక సమూహానిది, ఒక మనిషి గడువు కాదు.

గురుకులంలో మాచేత చరకుని ఇంద్రియస్థానంలోని అరిష్ట లక్షణాలన్నీ కంఠస్థం చేయించారు. చివరకు, మరణచిహ్నం కనిపించినా అడగనిదే చెప్పరాదని, అడిగినా వినేవారికి హాని కలిగేచోట చెప్పరాదని అదే గ్రంథం కట్టడి చేసింది. కుర్రతనంలో నాకిది దాపరికమనిపించేది. ఇప్పుడు, అడిగినవారికి అబద్ధం చెప్పకుండా ఎంతవరకు చెప్పాలో తేల్చుకొనడమే నాకు కష్టం.

ఆ గృహస్థుతో, వైద్యుని మూడు సంగతులు అడగమన్నాను: ఈ అంచనా దేనినిబట్టి కట్టారు, దేనివల్ల మారవచ్చు, మళ్ళీ ఎప్పుడు చూస్తారు? పక్షవాతంలో తొలి మూడు మాసాలలోనే కోలుకోవడం వేగంగా ఉంటుంది గనుక, ఆసుపత్రివారు చెప్పిన మందులు, వ్యాయామాలు ఒక్కరోజైనా ఆపవద్దన్నాను. నా తైలం సంగతి వారిని అడిగిన తరువాతనే.