మాటను చెరిపే కత్తి

పాత వస్తువులు సేకరించేవారి ఇంట్లో పొడవాటి బాకా బిగించిన కొయ్యపెట్టెను మీరెప్పుడైనా చూశారా? దానిమీద పళ్లెంవంటి రికార్డుకు బదులు గ్లాసంత గొట్టం తిరుగుతూ ఉంటే అది గ్రామఫోను కాదు. దానికన్నా ముందు పుట్టిన ఫోనోగ్రాఫు. అమెరికాలో ఎడిసన్ 1877లో దీన్ని కనిపెట్టాడు. మొదట ధ్వనిని తగరపు రేకుమీద ముద్రించాడు. తరువాత మైనపు గొట్టాలు వాడుకలోకి వచ్చాయి.

ఆ యంత్రంతోపాటు ఒక్కొక్కసారి రెండు గుండ్రని చిన్న డబ్బీలు దొరుకుతాయి. చూడటానికి రెండూ కవలల్లా ఉంటాయి. ఒకటి ధ్వనిని రాసే రికార్డరు, రెండవది దాన్ని వినిపించే రిప్రొడ్యూసరు. పోల్చుకోవడం ఎలా? భూతద్దంతో అడుగునున్న నీలమణి మొనను చూడండి. అంచు ఉలిలా పదునుగా ఉంటే రికార్డరు. నున్నగా, గుండ్రంగా ఉంటే రిప్రొడ్యూసరు.

మనం బాకాలో మాట్లాడితే రికార్డరులోని పలుచని పొర కంపిస్తుంది. మొన మైనాన్ని ఒకచోట లోతుగా, ఒకచోట పైపైన చెక్కుతుంది. ఆ ఎగుడుదిగుడు గాడే మన మాట! నున్నని మొన ఆ గాడిలో నడిస్తే పొర మళ్లీ అలాగే కంపించి మాట వినిపిస్తుంది. పొరపాటున రికార్డరునే పెట్టామా, అది పాత మాటను చెక్కి పారేస్తుంది.

కొన్ని యంత్రాలకు మరొక వింత పరికరం ఉంటుంది. అది చిన్న కత్తి. గొట్టం తిరుగుతుంటే మైనం పైపొరను సన్నని పొట్టుగా గీకేస్తుంది. పలక తుడిచి మళ్లీ రాసుకున్నట్లే, ఆ గొట్టంమీద మళ్లీ రికార్డు చేసుకోవచ్చు. కాని తుడిచిన మాట తిరిగి రాదు.

రిప్రొడ్యూసర్లలోనూ రకాలున్నాయి. మొదటి గొట్టాలలో అంగుళానికి 100 గాళ్లు. నిమిషానికి 160 చుట్లు చొప్పున రెండు నిమిషాలకు 320 చుట్లు, అంటే 3.2 అంగుళాలు కావాలి. 1908లో అంగుళానికి 200 గాళ్లున్న గొట్టాలు వచ్చాయి. అదే చోటులో ఎన్ని నిమిషాలు పడతాయో మీరే లెక్కకట్టండి. ఎడిసన్ రిప్రొడ్యూసర్లలో ‘సి’ రకం రెండు నిమిషాల గొట్టానికి, ‘హెచ్’ రకం నాలుగు నిమిషాల గొట్టానికి. ‘సి’ మొన లావు. సన్నని గాడిని పాడుచేస్తుంది.

ఇంట్లో రికార్డు చేసిన గొట్టానికి సాధారణంగా రెండవ ప్రతి ఉండదు. అందులో ఎవరి తాతగారి గొంతో ఉండవచ్చు. కనుక అటువంటిది మీ కంటబడితే వెంటనే తిప్పి చూడాలని తొందరపడకండి. మొన ఏదో తెలిసిన తరువాతే కీ తిప్పండి!