ఓడిన ప్రతిఘటన మిగిల్చిందేమిటి?

ఓడిపోతామని తెలిసి కూడా ఒక ఒడంబడికను ప్రతిపక్షం ఎందుకు ప్రతిఘటించాలి? సాహిత్య విద్యార్థులతో మాట్లాడేటప్పుడు ఈ ప్రశ్న నాకు తరచు ఎదురవుతుంది. సూత్రాలు వల్లిస్తే దీనికి సమాధానం దొరకదు. జపాన్ సోషలిస్టు పార్టీ అనుభవాన్ని పరిశీలిస్తే కొంత దొరుకుతుందని నా అభిప్రాయం.

1951లో శాంతి ఒడంబడికతోపాటు అమెరికా–జపాన్ భద్రతా ఒడంబడిక కూడా కుదిరింది. అమెరికా సైనిక స్థావరాలు జపాన్ గడ్డమీద కొనసాగడానికి అది వీలు కల్పించింది. రెంటినీ వ్యతిరేకించాలని వామపక్షం, రెండోదాన్ని మాత్రమే వ్యతిరేకించాలని మితవాద పక్షం పట్టుబట్టడంతో సోషలిస్టు పార్టీ నిలువునా చీలింది. ఇది మొదటి నష్టం. కాని రాజీపడని వామపక్షం దిగువసభలో చీలికనాటి 16 స్థానాలనుంచి 1955 నాటికి 89 స్థానాలకు పెరిగింది. యుద్ధాన్ని చవిచూసిన ప్రజానీకం శాంతి నినాదాన్ని తమదిగా భావించింది. అదే సంవత్సరం రెండు పక్షాలూ తిరిగి ఏకమయ్యాయి.

1960 జనవరిలో ప్రధాని కిషి నొబుసుకె సవరించిన ఒడంబడికపై సంతకం చేశాడు. ఇక్కడ మనం ఒక నిజాన్ని దాచకూడదు. కొత్తది పాతదానికన్నా కొన్ని విషయాల్లో మెరుగైనదే. జపాన్‌లోని అంతర్గత అలజడులను అణచడానికి అమెరికా సేనలను వాడవచ్చునన్న నిబంధన తొలగింది. పదేళ్ళ గడువు ఏర్పడింది. మరి దీన్నెందుకు కాదంటారని అడిగితే ప్రతిపక్షం సమాధానం చెప్పుకోక తప్పలేదు. స్థావరాలున్నంతకాలం పరాయివాళ్ళ యుద్ధం తమ గడప తొక్కుతుందన్నదే ఆ సమాధానం. పార్టీ ధోరణి నచ్చని నిషియో సుఎహిరో వర్గం విడిపోయి, ఆ నెలలోనే వేరే పార్టీ పెట్టుకుంది.

మే 19 రాత్రి సభాపతిని అడ్డుకుంటూ బైఠాయించిన సోషలిస్టు సభ్యులను పోలీసులు ఎత్తి బయటపడేశారు. ప్రతిపక్షం లేని సభలో అర్ధరాత్రి దాటాక ఒడంబడిక ఆమోదం పొందింది. దానితో వాదం స్వరూపమే మారిపోయింది. అంతవరకు ఒడంబడిక మంచిచెడ్డల గురించి సాగిన చర్చ ప్రజాస్వామ్యం మనుగడ గురించిన చర్చ అయింది. లూసున్ రచనలను అనువదించిన తకెఉచి యోషిమి నిరసనగా విశ్వవిద్యాలయ ఉద్యోగానికి రాజీనామా చేశాడు. జూన్ 15న పార్లమెంటు ఆవరణలో జరిగిన ఘర్షణలో విద్యార్థిని కన్బా మిచికో మరణించింది. ఐసెన్‌హోవర్ పర్యటన రద్దయింది. అయినా దిగువసభ ఆమోదించి 30 రోజులు నిండడంతో, ఎగువసభ ఓటు లేకుండానే, జూన్ 19న ఒడంబడిక ఖాయమైంది.

ఇక లెక్క చూద్దాం. ఒడంబడిక ఆగలేదు, కాని కిషి పదవి పోయింది. ఆయన తలపెట్టిన రాజ్యాంగ సవరణను తర్వాతి ప్రధాని ఇకెదా పక్కనపెట్టి, పదేళ్ళలో జాతీయాదాయం రెట్టింపు చేస్తానన్నాడు. వీధుల్లోని ఆగ్రహాన్ని పాలకపక్షం ఆ విధంగా చల్లార్చింది. నవంబరు ఎన్నికల్లో దానికి 296 స్థానాలు, సోషలిస్టులకు 145 వచ్చాయి. అంతకుముందే, అక్టోబరు 12న, సోషలిస్టు నాయకుడు అసనుమా ఇనెజిరో సభావేదికమీదే 17 ఏళ్ళ మితవాద యువకుడి కత్తికి బలయ్యాడు. అటువంటి యువకుడి మనస్సును చిత్రించిన రచయిత ఓయె కెంజబురో 1961లో బెదిరింపులకు గురయ్యాడు. ప్రతిఘటన మూల్యాన్ని పార్టీలే కాదు, రచయితలూ చెల్లిస్తారు.

కాని నేను ముఖ్యంగా చెప్పదలచింది దీని తర్వాతి కథ. 1994లో ఆ పార్టీ నాయకుడు మురయామా తోమిఇచి తన పాత ప్రత్యర్థులతో కలిసి ప్రధాని అయ్యాడు. దశాబ్దాలపాటు వ్యతిరేకించిన ఒడంబడికను పార్లమెంటులోనే అంగీకరించాడు. 1990లో 136 స్థానాలున్న పార్టీ 1993లోనే 70కి దిగజారింది కనుక పతనానికంతటికీ ఇదే కారణమనలేం. అయితే 1996లో, పేరు మార్చుకొని పోటీచేసినా, 15 స్థానాలే మిగిలాయి.

ప్రతిఘటించినందుకు ఆ పార్టీ చీలికలు భరించింది, ఎన్నికల్లో ఓడింది, నాయకుణ్ణి పోగొట్టుకుంది, అయినా నిలిచింది. తన మాటను తానే వదులుకున్నాక, దాన్ని నమ్మినవారికి ఆ పార్టీతో పని లేకపోయింది. ఓటమికీ లొంగుబాటుకీ మధ్య గల ఈ తేడాను సీట్ల లెక్క ఒక్కటే చూపలేదు. దాన్ని గుర్తించి చెప్పడం రచయితల బాధ్యత.