ఏ.టి.ఎం. జాలములపై ఇంటర్నెట్ పయనము

ఏ.టి.ఎం. అనగానే విద్యార్థులకు బ్యాంకు యంత్రము స్ఫురించును. మేమిచట వివరింపదలచినది 'అసింక్రోనస్ ట్రాన్స్‌ఫర్ మోడ్' అను సమాచార ప్రసార విధానమును.

ఇందు సమాచారమంతయు 'సెల్' అను సమానమైన తునకలుగా సాగును. ఒక్కొక్క సెల్ 53 బైట్లు. దారి గుర్తులు మొదలగువానికి 5, సమాచారమునకు 48. డేటా కొరకు అమెరికా 64 కోరెను. అంత పెద్ద సెల్ టెలిఫోను మాటతో నిండుటకు 8 మిల్లీసెకనులు పట్టును. ఆ జాప్యముచే ప్రతిధ్వని బాధించునని ఐరోపా దేశములు 32 కోరెను. 1989లో మధ్యేమార్గముగా 48 నిర్ణయమయ్యెను.

ఇంటర్నెట్ ప్యాకెట్లు మాత్రము ఒకే కొలతవి కావు. 1500 బైట్ల ప్యాకెట్టును తీసికొందము. 'ఏ.ఏ.ఎల్. 5' అను పద్ధతి దాని చివర 8 బైట్లు చేర్చి, 48చే నిశ్శేషముగా భాగింపబడునట్లు ఖాళీని పూరించి, 32 సెల్లులుగా విడదీయును. తీగపై నడచునవి 1696 బైట్లు. అనగా 196 బైట్లు దారి సుంకము.

అంతకు మించిన చిక్కు వేరొకటి కలదు. ఒక్క సెల్ పోయినను ప్యాకెట్టంతయు వ్యర్థము; టి.సి.పి. దానిని మరల పంపవలసియుండును. తక్కిన 31 సెల్లులు వృథాగా దారినాక్రమించి రద్దీని హెచ్చించును. అందుచే స్విచ్చి నిండబోవు తరుణమున క్రొత్త ప్యాకెట్టును మొదటి సెల్ వద్దనే పూర్తిగా విడిచివేయు ఉపాయము ఏర్పడెను.

తరువాత ప్రధాన జాలములందు ఎం.పి.ఎల్.ఎస్., ఈథర్నెట్ ఏ.టి.ఎం. స్థానము నాక్రమించినను, ఏ.డి.ఎస్.ఎల్. తీగలపై ఇండ్లకు చేరిన ఇంటర్నెట్ చిరకాలము ఈ సెల్లులలోనే పయనించెను. మాటకు తగినట్లు కొలిచిన సంచిలో ఉత్తరమును మోయవచ్చును. కాని ఆ మోతకూలిని ముందుగా లెక్కించుట మన విధి.