వాగు దాటకుండా మూడు రోజులు

2022 జులై రెండో వారంలో జగిత్యాల జిల్లాను వానలు ముంచెత్తినప్పుడు రాయికల్ మండలం బోర్నపల్లి దగ్గర గోదావరి నడుమ కుర్రులో కూలీలు చిక్కుకుపోయారు. ఆ వార్త కోసం వెళ్లి తిరిగొస్తున్న ఒక టీవీ విలేకరి అదే మండలంలోని రామోజీపేట దగ్గర వాగులో కారుతో సహా కొట్టుకుపోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. అంతకు ముందు ఏడాది, 2021 సెప్టెంబర్‌లో సిరిసిల్ల వీధులు వాగుల్లా పారాయి. 2025 ఆగస్టు చివర్లో గంభీరావుపేట మండలం నర్మాల దగ్గర మానేరు వరదలో చిక్కినవాళ్లను హెలికాప్టర్‌తో బయటికి తేవలసి వచ్చింది. కోస్తా తుపానులాగా మన వరద నాలుగు రోజుల ముందు పేరు పెట్టుకుని రాదు. రాత్రి కురిసిన వానకు తెల్లారేసరికి చెరువు మత్తడి దుంకుతుంది, ఒర్రె పొంగుతుంది, లోలెవల్ వంతెన మునుగుతుంది. జగిత్యాల జిల్లాలోనే ఉన్న బుగ్గారం మండలంలోనైనా, దాని చుట్టుపక్కలైనా ఒక ఊరికి దారి తెగడానికి ఆ ఒక్క వంతెన చాలు. అప్పుడు ఇంట్లో కూర్చున్నవాడికన్నా వాగు దాటబోయినవాడికే ప్రమాదం ఎక్కువ. అందుకే ఇంట్లో ఏం దాచుకోవాలన్న ప్రశ్నను నేను ఇంకో తీరుగా అడుగుతాను: ఏది లేకపోతే మనిషి ఆ నీళ్లలో అడుగు పెడతాడు?

తిండి కోసమైతే కాదు. వడ్లు పండే ఊళ్లలో రేషన్ బియ్యమో, సొంత బియ్యమో బస్తాల్లో ఉంటాయి. చిక్కల్లా ఆ బస్తా నేల మీద ఉండడమే. మోకాలు లోతు నీళ్లు వస్తే మొదట పోయేది అదే. జూన్ రాకముందే దాన్ని అటక మీదికో, ఎత్తు బల్ల మీదికో చేర్చడం సగం పని. పొయ్యి వెలగని రోజుకు అటుకులు, పుట్నాలు, పల్లీలు, బెల్లం మూత గట్టి డబ్బాలో ఉంటే పిల్లలు, ముసలివాళ్లు ఆకలికి ఆగుతారు. నీళ్ల సంగతి అలా కాదు. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, పైపు పగిలితే మిషన్ భగీరథ నీళ్లు రావు, మునిగిన బోరింగు నీళ్లు తాగడానికి పనికిరావు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు ముంచినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మేడల మీద ఉన్నవాళ్లు కూడా తాగునీళ్ల కోసం, పాల కోసం పడవల వైపు చూశారు. మేడ ఉంది, చేతిలో డబ్బూ ఉంది, గుక్కెడు నీళ్లు లేవు. మనిషికి రోజుకు తాగడానికి, వండుకోవడానికి 3 లీటర్లనుకున్నా, నలుగురున్న ఇంటికి మూడు రోజులకు 36 లీటర్లు. అంటే 20 లీటర్ల క్యాన్లు రెండు. ఒకటి ఎలాగూ చాలా ఇళ్లలో ఉంటుంది. రెండోది కొని, మార్చి మార్చి వాడుతూ, వాడినదాన్ని వెంటనే నింపి పెట్టుకుంటే నీళ్లు పాతబడవు. భూకంపాల దేశమైన జపాన్‌లోనూ ఇదే పద్ధతి నేర్పుతారు: రోజూ వాడే సరుకే కొంచెం ఎక్కువ ఉంచు, వాడిన కొద్దీ నింపు.

మనుషుల్ని వాగు వైపు నడిపించే పెద్ద కారణం మందులు. బీపీ, షుగర్, మూర్ఛ మాత్రలు అయిపోయిన రోజే తెచ్చుకునే అలవాటు మన ఊళ్లలో బలంగా ఉంది. వానాకాలం నాలుగు నెలలూ 15 రోజుల మాత్రలు ముందుగానే ఉండాలి, వాటితో పాటు నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, టార్చి, చార్జింగ్ నిండిన పవర్‌బ్యాంకు. నెలలు నిండిన ఆడమనిషి ఉన్న ఇల్లయితే సామాన్ల గురించి ఆలోచించడం కన్నా, ఆమెను ముసురు పట్టకముందే జగిత్యాలలోనో కోరుట్లలోనో చుట్టాలింటికి చేర్చడం మేలు.

ఇక కాగితాలు. ఈ ప్రాంతంలో మగవాళ్లు గల్ఫ్‌లో, ఆడవాళ్లు బీడీల చాటల ముందు ఉన్న ఇళ్లు ఎన్నో. పాస్‌పోర్టు నకళ్లు, పట్టాదారు పాసు పుస్తకం, బీడీ కార్మికుల పీఎఫ్ కాగితాలు, బ్యాంకు పుస్తకం తడిస్తే మళ్లీ తీయించుకోవడానికి ఎన్ని ఆఫీసులు తిరగాలో, ఎన్ని రోజుల కూలి పోతుందో ఆ ఇల్లాళ్లకు తెలుసు. అన్నిటినీ ఒక మందపాటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఫొటోలు తీసి దుబాయిలో ఉన్న కొడుక్కి వాట్సాప్‌లో పంపితే అసలు తడిసినా వివరాలు మిగులుతాయి. పశువుల మాట మరవద్దు. కట్టేసిన బర్రె కోసం వెనక్కి వెళ్లి మునిగేవాళ్లుంటారు. నీళ్లు పెరుగుతున్నాయంటే ముందే పలుపు విప్పి ఎత్తుకు తోలాలి.

పదేళ్లకోసారి వచ్చేదానికి ఇంత హంగామానా అని అడగవచ్చు. 2021, 2022, 2025 అని పైన రాసిన సంవత్సరాలే దానికి జవాబు. ప్రభుత్వం ఉంది కదా అనేవాళ్లూ ఉన్నారు. ఉంది, జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు 1077కి ఫోన్ చేయాలి కూడా. కానీ పడవ మొదట వెళ్లవలసింది మెడ లోతు నీళ్లలో ఉన్నవాళ్ల దగ్గరికి. మూడు రోజులు ఆగగలిగిన ఇల్లు ఆ పడవను వాళ్లకు వదిలిపెడుతుంది. నన్ను నిజంగా ఆపే అభ్యంతరం ఒక్కటే: అటక లేని, ఒక్క గది ఉన్న రేకుల ఇంటివాళ్లు ఎక్కడ దాచుకుంటారు? వాళ్లకు ఈ సలహాలు సరిపోవు. ఊళ్లో ఎత్తు మీద ఉన్న బడిలోనో, రైతు వేదికలోనో, మహిళా సంఘం భవనంలోనో వాళ్ల పేరున నీళ్ల క్యాన్లు, అటుకులు, దుప్పట్లు జూన్ మొదటి వారానికల్లా చేర్చే పని పంచాయతీది. తాళం చెవి ఎవరి దగ్గరుందో ఆ ఇళ్లన్నిటికీ ముందే చెప్పి ఉంచాలి.