పాత లాప్‌టాప్‌కి విండోస్ కొనాలా, లినక్స్ చాలా?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సపోర్టు ఆపేసింది. ఆ తర్వాత మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు రావడం లేదు. కంప్యూటర్ మాత్రం ఎప్పటిలాగే ఆన్ అవుతుంది, అన్నీ తెరుచుకుంటాయి. అందుకే చాలా ఇళ్లలో ఈ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కానీ అదే లాప్‌టాప్‌లో పిల్లల స్కాలర్‌షిప్ ఫారాలు నింపుతారు, అబ్బా బ్యాంకు ఖాతా చూసుకుంటారు, గల్ఫ్‌లో ఉన్నవాళ్ల పాస్‌పోర్టు, ఇఖామా కాపీలు దాస్తారు. కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతు అందని మెషీన్‌లో ఇవన్నీ ఉంచడమంటే తాళం చెడిపోయిన బీరువాలో ఉంచడమే.

రిపేరు షాపుకి వెళ్తే సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. "ఇది పాతదైపోయింది, కొత్తది తీసుకోండి" అన్నది ఒకటి. "కొంచెం డబ్బు ఇవ్వండి, విండోస్ 11 వేసిస్తాం" అన్నది రెండోది. ఏదో ఒకదానికి సరే అనేముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

విండోస్ 10 అసలు లైసెన్స్ ఉన్నవాళ్లకి విండోస్ 11కి మారడం ఉచితమే. చిక్కంతా హార్డ్‌వేర్‌తోనే. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది ఉండాలి. 2017కి ముందు కొన్న లాప్‌టాప్‌లు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతాయి. మీది పనికొస్తుందో లేదో మైక్రోసాఫ్ట్ వాళ్ల 'పీసీ హెల్త్ చెక్' ప్రోగ్రామ్ చెబుతుంది. పనికిరాకపోయినా తొందరపడక్కర్లేదు. 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు పొందే అదనపు పథకం ఒకటి ఉంది. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీ నుంచే చేరొచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ చేసి, సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టాల్సిన పని లేదు. అలా వద్దనుకుంటే 30 డాలర్లు.

ఇంకో మాట. లాప్‌టాప్‌తో పాటు వచ్చిన విండోస్ లైసెన్స్ ఆ మెషీన్‌కే అంటిపెట్టుకుని ఉంటుంది. ఫార్మాట్ చేసి అదే ఎడిషన్ మళ్లీ వేస్తే, ఇంటర్నెట్ తగలగానే సాధారణంగా తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. అంటే ఫార్మాట్ చేసిన పనికి కూలీ ఇవ్వాలి గానీ, "విండోస్ ఖరీదు" అని వేరే ఇవ్వాల్సిన పని లేదు. విడిగా కొనాల్సి వస్తే మాత్రం హోమ్ ఎడిషన్‌కే సుమారు పది వేల రూపాయలవుతుంది. డాస్ లాప్‌టాప్ చవకగా వచ్చిందని సంబరపడేవాళ్లు ఈ లెక్క మర్చిపోతుంటారు. విండోస్ లేదు కాబట్టే దాని ధర తగ్గింది.

ఆ పది వేలు తప్పించుకోవడానికే క్రాక్ చేసిన విండోస్. యాక్టివేటర్ అనే చిన్న ప్రోగ్రామ్ నడిపిస్తారు. అది పనిచేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపేయమంటుంది, పైగా కంప్యూటర్ మీద పూర్తి అధికారం అడుగుతుంది. దాన్ని రాసిందెవరో వేసేవాడికీ తెలియదు, వేయించుకునేవాడికీ తెలియదు. ఇక హక్కు సంగతి. ఓఐసీకి చెందిన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1988 డిసెంబర్‌లో కువైట్‌లో జరిగిన సమావేశంలో, రచనలు, ఆవిష్కరణల మీద హక్కులు షరీఅత్ ప్రకారం రక్షణ ఉన్నవేనని, వాటిని అతిక్రమించరాదని తీర్మానించింది. కాబట్టి "ఇంట్లో వాడుకోవడానికే కదా" అన్న సమర్థన అంత తేలికగా నిలబడదు.

నిజంగా ఉచితంగా దొరికేది లినక్స్. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. పేరు వినగానే భయపడతారు గానీ, చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల నడిచేది కూడా లినక్స్ కెర్నలే. ఇంటి వాడకానికి ఉబుంటు, లినక్స్ మింట్ లాంటి రకాలు ఉన్నాయి. విండోస్ అలవాటైనవాళ్లకి మింట్ తేలిక. కింద ఎడమవైపు మెనూ, కుడివైపు చివర గడియారం, ఫోల్డర్లు, దాదాపు అదే తీరు. 4 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది. మింట్ 22కి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. బ్రౌజర్, వర్డ్ ఎక్సెల్ పని చేసిపెట్టే లిబ్రే ఆఫీస్, వీడియో ప్లేయర్ అన్నీ దాంతోనే వస్తాయి. యూట్యూబ్, ఆన్‌లైన్ క్లాసులు, రైలు టికెట్లు, వాట్సాప్ వెబ్ బ్రౌజర్‌లోనే కాబట్టి తేడా తెలియదు. తెలుగు, ఉర్దూ కీబోర్డులు సెట్టింగ్స్‌లోనే ఉంటాయి. నోటో నస్తాలీక్ ఉర్దూ ఫాంటు ఉచితంగా వేసుకుంటే ఉర్దూ ఉత్తరం చక్కని నస్తాలీక్‌లో వస్తుంది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ ఏళ్లుగా ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ని తెలుగులోకి తెచ్చే పని చేస్తోంది.

అయితే లినక్స్ అందరికీ సరిపోతుందని చెప్పడం అబద్ధమే అవుతుంది. ఇంట్లో కూర్చుని అకౌంట్స్ రాసే అమ్మాయికి ట్యాలీ కావాలి, అది విండోస్ కోసం చేసిందే. ఉర్దూ డీటీపీ చేసేవాళ్లకి ఇన్‌పేజ్, తెలుగు డీటీపీకి అను ఫాంట్లు, ఫోటోషాప్, ఇవన్నీ అంతే. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పెట్టి రిటర్నులు వేసేవాళ్లూ విండోస్‌లో ఉండటమే మంచిది. ఈ పనుల మీద నెలకి నాలుగు రూపాయలు వస్తున్నప్పుడు లైసెన్స్ ఖర్చు వ్యాపార ఖర్చే, వెనకాడక్కర్లేదు. ప్రింటర్ సంగతీ చూసుకోవాలి. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు సులువుగా కలుస్తాయి. కానీ మన దగ్గర జిరాక్స్ షాపుల్లో, ఇళ్లలో ఎక్కువగా కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900 లినక్స్‌లో బాగా సతాయిస్తుంది.

అందుకే ముందు వేసి చూడడం మేలు. మింట్ వెబ్‌సైట్ నుంచి ఐఎస్ఓ ఫైల్ డౌన్‌లోడ్ చేసి, రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. పెన్‌డ్రైవ్‌లో ముందున్నవన్నీ చెరిగిపోతాయి, గుర్తుంచుకోండి. ఆ పెన్‌డ్రైవ్‌తో లాప్‌టాప్ ఆన్ చేస్తే, హార్డ్‌డిస్క్‌ని ముట్టుకోకుండానే మింట్ తెరుచుకుంటుంది. కాస్త నెమ్మదిగా నడిచినా వైఫై కలుస్తోందా, సౌండ్ వస్తోందా, ప్రింట్ పడుతోందా అన్నీ చూడొచ్చు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే చాలు, పాత విండోస్ అలాగే ఉంటుంది. నచ్చి ఇన్‌స్టాల్ చేయదలిస్తే మాత్రం, ఫోటోలు, సర్టిఫికెట్లు, నికాహ్ వీడియోలు ముందుగా వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, అవి తెరుచుకుంటున్నాయో లేదో ఇంకో కంప్యూటర్‌లో ఒకసారి చూసుకోవాలి. 'ఎరేజ్ డిస్క్' అన్న బటన్ నొక్కేది ఆ తర్వాతే.