పాత సీడీ దిద్దిన లెక్క

పోయిన శనివారం న్యూజెర్సీలోని మా వంటింటి బల్ల ప్రయోగశాల అయ్యింది. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి సైన్స్ ఫెయిర్ కోసం కాంతి తరంగదైర్ఘ్యం కొలుస్తానంది. మా దగ్గరున్నవి ఎర్ర లేజర్ పాయింటర్, స్కేలు, ఎప్పుడో ఊరి నుంచి తెచ్చుకున్న ఘంటసాల పాటల సీడీ.

సీడీలో కంటికి కనిపించని సన్నటి గాడి చుట్లు చుట్లుగా ఉంటుంది. పక్కపక్క చుట్ల మధ్య దూరం 1.6 మైక్రాన్లు, అంటే 1600 నానోమీటర్లు. వాటి మీద పడి చెదిరిన కాంతి తరంగాలు కొన్ని దిక్కుల్లో ఒకదానికొకటి తోడై మెరుస్తాయి, మిగతా చోట్ల రద్దయిపోతాయి. 1801లో థామస్ యంగ్ కాంతి తరంగమేనని వాదించింది ఈ వ్యతికరణం ఆధారంగానే.

అట్టకు చిల్లు పెట్టి, అందులోంచి లేజర్‌ను 50 సెంటీమీటర్ల దూరంలోని సీడీ మీదికి సూటిగా వేశాం. వెలుగు ఎవరి కళ్లలోనూ పడకుండా జాగ్రత్తపడ్డాం. తిరిగొచ్చిన కాంతి చిల్లుకు అటూ ఇటూ చుక్కలుగా పడింది. మొదటి చుక్క 22 సెంటీమీటర్ల దూరంలో ఉంది. 22ను 50తో భాగించి 1600తో గుణిస్తే 704 వచ్చింది. పాయింటర్ మీద మాత్రం 650 అని ఉంది.

"22 బదులు 20.3 అని రాసేస్తే సరిపోతుంది కదా నాన్నా!" అంది.

నా గుండె కలుక్కుమంది. ఇంజినీరింగ్ మొదటి ఏడాది నేను చేసిందీ అదే. చీకటి గది, సోడియం దీపం, స్పెక్ట్రోమీటర్, గ్రేటింగ్. జవాబు 5893 ఆంగ్‌స్ట్రామ్‌లని ముందే తెలుసు. వెనక నుంచి లెక్కకట్టి కోణాలు రికార్డులో రాసేశాను. మార్కులు వచ్చాయి. నా అసలు రీడింగ్‌లో తప్పెక్కడుందో ఈనాటికీ తెలియదు. అదంతా దాచకుండా అమ్మాయికి చెప్పేశాను.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే మన తప్పు వెతుకుదాం" అంది.

దొరికింది. సూత్రంలో ఉన్నది సైన్, మేం వేసింది టాన్. సీడీ నుంచి చుక్క దాకా ఏటవాలుగా ఉన్న దూరంతో భాగించాలి. దారం పట్టి కొలిస్తే 54.6 సెంటీమీటర్లు. ఈసారి 645 వచ్చింది! మిగిలిన 5 నానోమీటర్ల తేడాకు చుక్క కొలతలో 2 మిల్లీమీటర్లు తప్పినా చాలు.

అమ్మాయి 704 లెక్కను చెరిపేయలేదు. దాని కిందే తప్పేమిటో రాసి, 645 వేసింది. మీ ఇంట్లోనూ పాత సీడీ ఉంటే పిల్లలతో చేసి చూడండి. జవాబు మాత్రం ముందే చెప్పకండి.